విచారణ గదిలో రెండవ కుర్చీ

కక్షిదారుడు తప్పు చేసినాడో లేదో తనకే నిశ్చయముగా తెలియని న్యాయవాది, విచారణ గదిలో అతని ప్రక్కన కూర్చుండి, "ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు" అని హెచ్చరించినచో, అది సత్యమునకు సేవయా, ద్రోహమా? కాయకము శుద్ధముగా నుండవలెనని పిల్లలకు చెప్పుకొను మన ఇండ్లలో నల్లకోటు తొడిగిన బిడ్డలు పెక్కుమంది కలరు. కనుక ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు.

జరిగిన సంగతి నొకదానిని ముందుంచుకొని యోచింతము. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు ఆర్టీసీ క్రాస్ రోడ్డు వద్ద సంధ్య థియేటరులో 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన సమయమున త్రొక్కిసలాట జరిగి ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యెను. ఆ ప్రదర్శనకు వచ్చిన కథానాయకుడు అల్లు అర్జున్‌ను 13వ తేదీన జూబిలీ హిల్స్‌లోని ఆయన ఇంటినుండి పోలీసులు అరెస్టు చేసిరి. నాంపల్లి కోర్టు రిమాండు విధించగా, అదే దినమున హైకోర్టు నాలుగు వారముల మధ్యంతర బెయిలు నిచ్చెను. 24వ తేదీన చిక్కడపల్లి పోలీసు స్టేషనులో ఆయనను మూడు గంటలకు పైగా ప్రశ్నించిరి. న్యాయవాది వెంట నుండెను. నేరమున్నదా లేదా యన్నది న్యాయస్థానము తేల్చవలసిన విషయము. అందులో మనము తలదూర్చరాదు. మన విచారమంతయు ఆ న్యాయవాది కుర్చీని గూర్చియే.

"తప్పు చేయనివానికి వకీలెందుకు?" అని లోకము అడుగును. వినుటకిది ధర్మమువలె తోచును గాని, తొందరపాటు మాట. భయపడినవాడు తప్పు లేకున్నను తడబడును. పదిమారులు అడిగిన ప్రశ్నకు పదునొకండవమారు, గదిలోనుండి బయటపడిన చాలునని, అవునని తల ఊపును. అట్లు రాబట్టిన మాట సత్యమగునా? అందుచేతనే నేరారోపణకు గురియైనవానిని తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యము చెప్పుమని నిర్బంధింపరాదని రాజ్యాంగము 20వ అధికరణములో శాసించినది. 1978లో నందిని సత్పతి కేసున సుప్రీంకోర్టు పక్షమున జస్టిస్ కృష్ణయ్యరు ఈ రక్షణ కోర్టు బోనులోనే గాక పోలీసు ప్రశ్నల వద్దను వర్తించునని చెప్పిరి. న్యాయవాది దగ్గరుండుటను సమర్థించిరి. అచ్చట ప్రశ్నల నెదుర్కొన్నది ఒరిస్సా రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన స్త్రీ!

ఫిలింనగరుకును ఈ చర్చ క్రొత్త కాదు. 2017 జూలైలో మాదకద్రవ్యముల కేసున సినీ ప్రముఖులను వరుసగా పిలిచి ప్రశ్నించుచుండగా, ఒక నటి తన న్యాయవాది సమక్షముననే విచారణ జరుగవలెనని హైకోర్టును ఆశ్రయించెను. ప్రశ్నించునపుడు మహిళాధికారులుండవలెననియు, ఆమె సమ్మతి లేక రక్తపు నమూనా తీయరాదనియు కోర్టు ఆదేశించెను.

అయినను ఆ కుర్చీకి హద్దు కలదు. అరెస్టయినవాడు విచారణ సమయమున న్యాయవాదిని కలియవచ్చును గాని, విచారణ సాగినంతసేపును కాదని 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 38వ సెక్షను చెప్పుచున్నది. పూర్వపు చట్టమును అదే చెప్పెను. చట్టము పెట్టిన హద్దు ఇది. మనస్సాక్షి పెట్టెడి హద్దు వేరొకటి. మౌనముగా నుండుమని చెప్పుట వేరు, అబద్ధము నేర్పుట వేరు. మొదటిది కక్షిదారుని నోటికి కావలి. రెండవది ఆ నోటిలో దొంగసొమ్ము దాచుట. వకీలు కక్షిదారునికి వట్టి చిలుక కారాదని బార్ కౌన్సిలు నియమములును హెచ్చరించుచున్నవి.

ఇంతకంటె లోతైన మాట యొకటి కలదు. చిక్కడపల్లి గదిలో అధికారి అడిగిన ప్రశ్నలు కేవలము అతనివేనా? మరణించిన తల్లి వచ్చి అడుగజాలదు. నాడు ఆసుపత్రి మంచముపై నుండిన బాలుడు అడుగజాలకపోయెను. వారు అడుగవలసినదానినే రాజ్యము అడుగుచున్నది. జవాబు కక్షిదారుని సొత్తు; దానిని కాచుటకు న్యాయవాదికి హక్కు కలదు. ప్రశ్న మాత్రము చనిపోయినవారి సొత్తు. దానిని వెటకారముతోను, కేకలతోను, అనవసరమైన అభ్యంతరములతోను నొక్కివేయు న్యాయవాది తన కక్షిదారుని రక్షించుట లేదు. మృతురాలి నోరు రెండవమారు మూయుచున్నాడు. ఇది ఏ సెక్షనులోను లేదు. తెలిసిన న్యాయవాదికి సెక్షను అక్కరలేదు.

ఇక నన్ను మిక్కిలి కలతపెట్టునది వేరు. జూబిలీ హిల్స్ మేడలవారికి ఒక ఫోనుతో పేరుమోసిన వకీలు వచ్చును. దిగువ కృష్ణానగరులో దినకూలికి వేషము వేయు జూనియర్ ఆర్టిస్టుకు, ఫిలింనగరు బస్తీలోని లైట్‌బాయికి ఎవరు వత్తురు? ఉచిత న్యాయసహాయమునకు 1987 నాటి చట్టము కలదు, సంతోషమే. కాని కసబ్ కేసున 2012లో సుప్రీంకోర్టు చెప్పినట్లు, ప్రభుత్వమే న్యాయవాదిని ఏర్పరుపవలసిన విధి మొదటిసారి మేజిస్ట్రేటు ఎదుట నిలిపిననాడు మొదలగును. అంతకుముందు గడచు గంటలే మనిషిని విరుచు గంటలు. ఆ గంటలలో బీదవాడు ఒంటరి.

సంధ్య థియేటరు కేసున కథానాయకునికంటె ముందుగానే, బాల్కనీ బాధ్యత చూచు ఉద్యోగిని పోలీసులు అరెస్టు చేసియుండిరి. కథానాయకుని కుర్చీ ప్రక్కన ఎవరు కూర్చుండిరో పత్రికలన్నియు వ్రాసినవి. ఆ ఉద్యోగి ప్రక్కన కుర్చీ వేసిరా అని అడిగిన వార్త నా కంటబడలేదు.