ఊ కొడితే అర్థమైనట్టేనా?

ఇద్దరి మధ్య మాట అందకపోతే తప్పు నోటిదా, చెవిదా? విదేశీ విద్యార్థులకి ఇంగ్లీషు వినడం నేర్పే క్లాసుల్లో ఈ ప్రశ్నకి జవాబు ముందే ఖాయమై ఉంటుంది. తప్పు చెవిదే. అదీ బయటినుంచి వచ్చినవాడి చెవిదే.

ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్ పరీక్షలో 40 ప్రశ్నలుంటాయి, రికార్డింగ్ ఒక్కసారే వినిపిస్తారు. పరీక్షగా దాంతో నాకు పేచీ లేదు. రేపు క్లాసులో ప్రొఫెసర్ కూడా ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పడు కదా. అయితే ఆ పరీక్ష కొలిచేదే మొత్తం వినడం అనుకుంటేనే చిక్కు.

ఎందుకంటే వినడంలో చెవి చేసే పని కొంతే. మిగతాది మనం వెంట మోసుకెళ్ళిన లోకం చేస్తుంది. 1979లో స్టెఫెన్సన్, జోగ్‌దేవ్, ఆండర్సన్ అనే పరిశోధకులు రెండు ఉత్తరాలు తీసుకున్నారు. ఒకటి అమెరికన్ పెళ్ళి గురించి, రెండోది భారతీయ పెళ్ళి గురించి. రెండు దేశాలవాళ్ళ చేతా రెండూ చదివించారు. ఎవరి పెళ్ళి వాళ్ళకి త్వరగా ఎక్కింది, బాగా గుర్తుంది. పెళ్ళికూతురు అమ్మమ్మ గౌను వేసుకుంటే అమెరికన్‌కి అది వంశగౌరవం. మనవాళ్ళకి పాతబట్ట. ఇంగ్లీషు రాక వచ్చిన తేడా కాదిది. పైగా చదివేవాడికి వెనక్కి వెళ్ళి చూసుకునే వీలుంది, వినేవాడికి అదీ లేదు.

వినిపించే గొంతు ఒకటే అయినా సరిగ్గా వింటారన్న భరోసా లేదు. 1992లో డొనాల్డ్ రూబిన్ అమెరికన్ విద్యార్థులకి ఒకే గొంతుతో రికార్డు చేసిన పాఠం వినిపిస్తూ, కొందరికి తెల్లావిడ ఫొటో, కొందరికి ఆసియా ముఖమున్నావిడ ఫొటో చూపించాడు. ఆసియా ముఖం చూసినవాళ్ళకి పాఠం తక్కువ అర్థమైంది. ఇక్కడ యాస లేదు, ఉచ్చారణ తప్పుల్లేవు. చెవి కన్ను మాట విన్నది, అంతే. ఈ లోపానికి కోచింగ్ సెంటర్ పెట్టినవాళ్ళు నాకెక్కడా కనపడలేదు.

ఇక "అర్థమైందా?" అనే ప్రశ్న సంగతి. చిన్నప్పుడు కథ వింటూ మనం ఊ కొడతాం. ఆ ఊకి అర్థం తెలిసిందని కాదు, ఒప్పుకున్నానని అసలే కాదు. వింటున్నా, చెప్పు అని. జపనీయులకీ ఇలాంటి అలవాటుంది, దాన్ని ఐజుచి అంటారు. మా ఆఫీసు కాల్స్‌లో రోజూ చూస్తుంటాను: ఇటువైపు "యెస్, యెస్" అంటారు, అటువైపు దాన్ని ఒప్పందంగా రాసుకుంటారు. క్లాసులో టీచర్ కూడా అంతే. తలలూగాయి కాబట్టి ముందుకెళ్ళిపోతుంది. గురువుని మధ్యలో ఆపడం అమర్యాదని నేర్చుకుని పెరిగిన పిల్లాడు మార్కుల జాబితాలో మాత్రం వినడం రానివాడవుతాడు.

సాంస్కృతిక సున్నితత్వం అనగానే చాలామంది చేసే పని, పాఠంలో జాన్‌ని తీసేసి ప్రియని పెట్టడం, కష్టమైన యాసలు తప్పించడం. నాకిది దయలా కనిపించే చిన్నచూపు. ఈత నేర్పుతానని చెప్పి మోకాల్లోతు దాటనివ్వకపోతే, రేపు నదిలో మునిగేది వాడే. గ్లాస్గో యాసా వినిపించాలి, వేగంగా మాట్లాడేవాళ్ళనీ వినిపించాలి. కాకపోతే ఏది చెవికి సంబంధించిన కష్టమో, ఏది తెలియని లోకం వల్ల వచ్చిన కష్టమో విడదీసి చెప్పాలి. "అర్థమైందా?" అనే బదులు "ఏం విన్నావో చెప్పు" అనాలి. "ఆగండి, మళ్ళీ చెప్పండి" అనడం అక్కడ అమర్యాద కాదని కూడా పాఠంలో భాగంగా నేర్పాలి.

ఇంత చేసినా సగం న్యాయమే జరుగుతుంది. భాష ఎవరి చేతిలో ఉందో వాళ్ళకి శ్రమ తక్కువ, పోగొట్టుకునేదీ తక్కువ. ఫీజు కట్టినవాడే, వీసా తెచ్చుకున్నవాడే, చెవి కూడా మార్చుకోవాలి. అందుకే ఆ క్లాసుల్లో వారానికొక గంట స్థానిక విద్యార్థుల్ని కూడా కూర్చోబెట్టాలంటాను. నైజీరియా ఇంగ్లీషు, వియత్నాం ఇంగ్లీషు, మన గుంటూరు ఇంగ్లీషు వినిపించాలి. వాళ్ళకీ రికార్డింగ్ ఒక్కసారే.