కత్తికి జీతం

పాలేరుకు జీతమిస్తే దుక్కి అవుతుంది. వంటమనిషికిస్తే అన్నం ఉడుకుతుంది. కత్తి పట్టినవాడికిస్తే? అతని కత్తి మనదవుతుంది, సరే. అతని ప్రాణం కూడా ఆ జీతంలో కలిసే ఉందా? అతను తీసే ప్రాణాలను ఎవరి పద్దులో రాయాలి? ఇది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

మా బొంగులూరు మీదుగా పోయే సాగర్ రోడ్డు పట్టుకుని పట్నం వెళితే, దిల్‌సుఖ్‌నగర్ దాటాక మూసారాంబాగ్ వస్తుంది. అది ఏ రాముడి తోటో అనుకునేరు! ముసే రేమండ్ అనే ఫ్రెంచివాడి పేరు మన నోళ్లలో నలిగి అలా అయిందంటారు. నిజాం అలీఖాన్ దగ్గర జీతానికి కుదిరి, దాదాపు 14,000 మంది సిపాయిల దండు నడిపాడాయన. హిందువులకు మూసారాం, ముస్లిములకు మూసారహీం అయ్యాడు. 1798 మార్చిలో పోయాడు. అక్కడికి దగ్గర్లోనే గుట్ట మీద సమాధి ఉంది.

ఆయన పోయి ఏడు నెలలు నిండకముందే ఆ దండు కథ ముగిసింది. జీతాల బకాయిలు పేరుకుపోయి, సిపాయిలే తమ ఫ్రెంచి దొరలను పట్టి బంధించారు. ఇంగ్లీషువాళ్లు చుట్టుముట్టేసరికి, యుద్ధం లేకుండానే ఆయుధాలు కింద పెట్టారు.

ఇది ద్రోహమా? నేననను. జీతం ఉన్నంతవరకే కత్తి అన్నది మొదటినుంచీ బేరం. ఆ బేరంలో విశ్వాసం కూడా వచ్చిందనుకోవడం కొన్నవాడి పొరపాటు.

నిజాం ఆ తర్వాత ఇంకా పెద్ద కాపలాదారును కుదుర్చుకున్నాడు. కుంఫిణీ సైన్యాన్ని! 1800లో ఆ సైన్యం ఖర్చుకింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు ధారపోశాడు. అవే దత్తమండలాలు. దొంగల భయంతో కాపలావాణ్ణి పెట్టుకుని, వాడి జీతానికి ఇంట్లో గదులు రాసిచ్చినట్టయింది.

జీతం తిన్నవాళ్లంతా ఇంతేనా అంటే, కాదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటుంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించారని, వాళ్లకు పుణ్యలోకం కలగాలని, ఆ సేనాని సేవకుడు పువ్వుల ముమ్మడి దేవుడికి భూమి ఇచ్చాడు. చచ్చిపోయిన యజమాని జీతమివ్వడు కదా! అంటే విశ్వాసం జీతం పక్కన మొలవవచ్చు గాని, జీతంతో కొంటే వచ్చేది కాదు.

అసలు చిక్కు మరొకటుంది. 1946 జూలై 4న జనగామ దగ్గర కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశముఖు మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఇటలీలో 1377లో చెజేనా పట్టణంలో జీతపు సిపాయిలు వేలమందిని నరికారు. నరికించిన కార్డినల్ రాబర్ట్ మరుసటి ఏడే పోపుకు పోటీ పోపుగా పీఠమెక్కాడు. నరికినవాళ్ల నాయకుల్లో ఒకడైన హాక్‌వుడ్, గుర్రమెక్కిన బొమ్మగా ఫ్లారెన్స్ పెద్ద చర్చి గోడమీద ఈనాటికీ ఉన్నాడు.

పట్టినవాడు “పగ నాది కాదు” అంటాడు. పట్టించినవాడు “చెయ్యి నాది కాదు” అంటాడు. ఇద్దరి మధ్యా పాపం దిక్కులేనిదవుతుంది. నా మట్టుకు నాకు, పాపం పొలం కాదు, పంచుకుంటే తగ్గడానికి. ఇద్దరికీ నిండు వాటాలే. కాకపోతే ఒకడికి ఆకలి అనే సాకైనా ఉంది. రెండోవాడికి అదీ లేదు.

ఇదంతా రాజుల గొడవ అని తీసిపారేయకండి. ఔటర్ రింగు రోడ్డు వచ్చాక మా వైపు ప్లాట్లు పెరిగాయి, ప్లాట్లకు కాపలాలూ పెరిగాయి. నీలం చొక్కా, చేతిలో లాఠీ, నెలకింతని బేరం. ఎంతసేపూ ఆ కుర్రాడి పొడవూ ఒడ్డూ చూస్తాం గాని, రేపు అతనికి మనం ఏ పని చెప్పమో ముందే అనుకుంటున్నామా? “అది మాత్రం నేను చెయ్యనండీ” అనే హక్కు అతనికి మిగల్చాలి. ఆ మాట అన్నందుకు జీతం కొయ్యకూడదు. అంత మాత్రం చెయ్యలేనివాడు, కాపలా మాట మానేసి ఒక మంచి తాళం కొనుక్కోవడం మేలు.