చమ్కీ గుడ్డ – లోపలి కుట్టు

దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా పేరు 'అల్ ముతఫ్ఫిఫీన్'. కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారు అని దాని అర్థం. ఇతరుల దగ్గర నిండుగా తీసుకుని, తాము ఇచ్చేటప్పుడు మాత్రం కోత పెట్టేవారికి వినాశం తప్పదని దాని తొలి ఆయతులు హెచ్చరిస్తున్నాయి. ఈ మాట వినగానే మనకు కిరాణా కొట్టు తక్కెడ గుర్తుకొస్తుంది. కాని తక్కెడ లేని చోట కూడా ఈ తగ్గింపు జరుగుతుంది. మన ఇళ్ళలో కుట్టే చమ్కీ బట్టలను ఉదాహరణగా తీసుకుని ఆలోచిద్దాం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో ఎందరో సోదరీమణులు ఇంట్లోనే మిషను పెట్టుకుని కుట్టుపని చేస్తుంటారు. పండుగలకు, పెళ్ళిళ్ళకు చమ్కీ గుడ్డ వస్తుంది. అలంకారం స్వతహాగా హరామ్ కాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అందాన్ని నిషేధించే హక్కు ఎవరికుందని 'ఆరాఫ్' సూరా ప్రశ్నిస్తోంది. ఆ అలంకారాన్ని ఎవరి ముందు ప్రదర్శించవచ్చో 'నూర్' సూరా నేర్పింది. ఆ హద్దును పాటించవలసిన బాధ్యత ధరించేవారిది. కుట్టేవారి పరీక్ష వేరే చోట ఉంది.

చమ్కీ గుడ్డను కత్తిరించగానే అంచున దారం తెగి చమ్కీలు రాలడం మొదలవుతుంది. కుట్టు పడే చోట చమ్కీలను ఒక్కొక్కటిగా తీసేసి, తెగిన దారాలకు ముడి వేసి, ఆ తరువాతే మిషను మీద పెట్టాలి. లేకపోతే సూది విరుగుతుంది, కుట్టు నిలవదు. ఒంటికి గుచ్చుకోకుండా లోపల లైనింగ్ వేయాలి. ఇస్త్రీ తిరగవేసి, తక్కువ వేడితో చేయాలి. ఇదంతా గంటల పని. ఇవేవీ చేయకుండా పైపైన కుట్టి ఇచ్చినా, ఇచ్చిన రోజు ఆ దుస్తు మెరుస్తూనే ఉంటుంది. లోపం రెండో ఉతుకులోగాని బయటపడదు.

ఉదయగిరి చెక్క స్పూన్లు మనకు తెలిసినవే. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో మన ముస్లిం కుటుంబాల చేతులెన్నో ఉన్నాయి. స్పూనును కొనేవాడు అటూ ఇటూ తిప్పి చూసుకోగలడు. కుట్టిన బట్ట అలా కాదు. దాని లోపలి సంగతి కుట్టిన ఆమెకు తెలుసు, అల్లాహ్‌కు తెలుసు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడిసినదాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాదన్నారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును జాగ్రత్తగా గమనించండి. ధాన్యం తడవడం ఆ మనిషి తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. కాబట్టి గుడ్డే నాసిరకమైతే కత్తెర పెట్టకముందే చెప్పేయాలి. మిగిలిన ముక్కలు పనికొచ్చేవైతే అవి అమానతు, అడగకపోయినా తిరిగి ఇవ్వాలి.

ఇక రెండో పక్కకు వద్దాం. "ఆపా, ఇంట్లోనే కదా కుట్టేది, కాస్త తగ్గించుకోరాదా?" అనే మాట మనం తరచూ వింటుంటాము. ఇంట్లో చేసే పనికి విలువ తక్కువని ఎవరు చెప్పారు? విడాకులు పొందిన తల్లి బిడ్డకు పాలిస్తే ఆమెకు ప్రతిఫలం ఇవ్వాలని 'తలాఖ్' సూరా ఆదేశిస్తోంది. ఇంటి పట్టున ఉంటూ తన బిడ్డకే పాలిచ్చే తల్లికి కూడా అల్లాహ్ హక్కు నిర్ణయించాడు. అలాంటప్పుడు పరాయివారి బట్టల కోసం రాత్రంతా కళ్ళు కాయలు కాచేలా కూర్చున్న ఆమె హక్కు ఎలా తగ్గుతుంది? పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ ప్రకటించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. కూలి ఎంతో ముందే తేలాలని ఫిఖహ్ పండితులు ఇజారా షరతుల్లో చేర్చారు. 'చూసి ఇస్తాంలే' అనడం సరైన పద్ధతి కాదు.

చమ్కీలు తీసి కుట్టడానికి చాలని కూలికి బేరమాడి, కుట్టు మాత్రం గట్టిగా ఉండాలనేవారు తమను తాము ప్రశ్నించుకోవాలి. నిండుగా తీసుకుని తగ్గించి ఇవ్వడమంటే ఇదే కదా! లోపాన్ని దాచిన పాపం దాచినవారిదే. పేదరికం దానికి సాకు కాదు. "ఈ కూలికి ఇంత పనే అవుతుంది" అని ఆమె ముందే చెప్పవచ్చు. అయితే నిజాయితీగా పని చేయడానికి వీల్లేని ధరకు ఆమెను నెట్టినవారు కూడా నిర్దోషులు కారని మేము భావిస్తున్నాము.

చేతిపని మన దీన్‌లో చిన్నతనం కాదు. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి) స్వహస్తాలతో పని చేసి, ఆ సంపాదనను దానం చేసేవారు. ఒక స్త్రీ తన చేతులతో నేసిన దుప్పటిని దైవప్రవక్త (స)కు సమర్పించగా, ఆయన (స) దాన్ని స్వీకరించి ధరించారు. ఒక సహాబీ దాన్ని అడిగి తీసుకుని తన కఫనుగా దాచుకున్నారు. ఆమె పేరు ఆ హదీసులో లేదు, ఆమె చేతిపని మాత్రం నిలిచిపోయింది.

సోదరీమణులారా! లోపలి కుట్టును అల్లాహ్ చూస్తున్నాడని గుర్తుంచుకోండి. కుట్టించుకునేవారలారా! కుట్టిన చేతికి దాని హక్కును పండుగకు ముందే అందజేయండి. ఇచ్చేటప్పుడూ, తీసుకునేటప్పుడూ న్యాయంగా ఉండే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.