ఉన్నమాటే అన్నాను, తప్పేమిటి?



"నేను లేనిది కల్పించి చెప్పలేదు ఫాదర్, ఉన్నదే అన్నాను. ఉన్నమాట అంటే తప్పేమిటి?" విచారణలో పనిచేసే ఏ గురువూ ఈ ప్రశ్న వినకుండా ఒక సంవత్సరం గడపడు. తోడికోడళ్ళ మధ్య తగవు వచ్చినా, సంఘ పెద్దల మధ్య మాట పట్టింపు వచ్చినా, చివరకు అందరూ ఈ ఒక్క మాట దగ్గరికే చేరుతారు. అబద్ధమాడడం పాపమని చిన్నప్పుడే సత్యోపదేశంలో నేర్చుకున్నాం. మరి నిజం చెప్పడం కూడా ఒక్కొక్కసారి పాపమవుతుందా? ఈ వారం మీతో కలిసి ఈ ప్రశ్నను కొంచెం నిదానంగా ఆలోచించాలని ఉంది.

ఇది నాకు కూడా తగిలిన ప్రశ్నే. దాదాపు ముప్పై ఏళ్ళ క్రితం, పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో, నేరస్థులను శిక్షించడం గురించి మాకు ఒక వాదపోటీ పెట్టారు. నా సహవిద్యార్థి ఒకడు క్షమ పక్షాన చక్కగా మాట్లాడాడు. అతని వాదానికి నా దగ్గర జవాబు లేదు. కానీ అతని అన్న జైలులో ఉన్నాడని నాకు తెలుసు. ఒక రాత్రి అతనే నమ్మి నాతో చెప్పుకున్నాడు. నేను లేచి, "ఇంట్లోవాళ్ళు జైలులో ఉన్నవారికి శిక్ష అంటే భయం సహజమే కదా" అన్నాను. హాలంతా నవ్వులు, చప్పట్లు. అతను మారు మాట్లాడకుండా కూర్చున్నాడు. బహుమతి నాకే వచ్చింది. నేను అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అయినా ఆ బహుమతి పుస్తకాన్ని నేను ఇప్పటివరకు తెరిచి చదవలేకపోయాను.

చదువుకున్నవారు నలుగురి ఎదుట కలహించుకోవడం మన తెలుగు నేలకు కొత్త కాదు. కొక్కొండ వెంకటరత్నం పంతులు గారు 1871లో 'ఆంధ్రభాషా సంజీవని' అనే పత్రికను స్థాపించారు. ఆయన గొప్ప పండితులు. ఇంట్లో కూడా గ్రాంథికంలోనే మాట్లాడేవారని చెప్పుకుంటారు. స్త్రీవిద్యను మాత్రం ఆయన ఒప్పుకోలేదు. కందుకూరి వీరేశలింగం పంతులు గారు అందుకు విరుద్ధం. ఆయన 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించి, అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు. ఇద్దరి మధ్య కలహం ముదిరింది. వివేకవర్ధనిని ఎగతాళి చేయడానికి కొక్కొండ వారు 'హాస్యవర్ధని' పెట్టారు. సంజీవనిని ఎగతాళి చేయడానికి వీరేశలింగం గారు 'హాస్య సంజీవని' పెట్టారు. ఒకరి పత్రిక పేరు మరొకరి వెక్కిరింతకు పెట్టుబడి అయింది.

ఈ తగవును పండితుల పంతమని తేలికగా తీసివేయకూడదు. ఆడపిల్ల చదువుకోవాలా వద్దా, పసితనంలోనే భర్తను పోగొట్టుకున్న పిల్లకు మళ్ళీ పెళ్ళి చేయవచ్చా అన్నవి కాలక్షేపపు మాటలు కావు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించగలిగారంటే, దాని వెనుక ఏళ్ళ తరబడి సాగిన వాదం ఉంది. ఎవరి మనసూ నొప్పించకుండా మౌనంగా ఉండడమే ప్రేమ అని ఆయన అనుకుని ఉంటే, ఆ పిల్లల కన్నీరు ఎవరు తుడిచేవారు? వివేకవర్ధని కోర్టులలోని లంచగొండితనాన్ని కూడా బయటపెట్టింది. అదీ సరైన పనే. పదవిలో కూర్చుని చేసిన అన్యాయం ఎవరి సొంత గుట్టూ కాదు. దానివల్ల నష్టపోయేవారికి అది తెలియాలి.

అయితే ఎగతాళికి ఒక గుణం ఉంది. అది మొదట ఎదుటివాని అభిప్రాయాన్ని చూసి నవ్విస్తుంది. కొన్నాళ్ళకు ఆ నవ్వు చప్పబడుతుంది. అప్పుడు మనిషిని చూసి నవ్వాలనిపిస్తుంది. ఆ తరువాత అతని ఇంటి తలుపు సందులోంచి తొంగి చూడాలనిపిస్తుంది. ఈ దారి ఎక్కడికి తీసుకుపోతుందో తెలియాలంటే, మన పంతుళ్ళకంటే ఒక శతాబ్దం ముందు ఫ్రాన్సు దేశపు భాషలో జరిగిన మరొక తగవును చూడాలి.

మనిషి తన బుద్ధిని తానే వాడుకోవాలని, గుడ్డి నమ్మకాలను వదలాలని చెప్పిన కాలం అది. ఆ కాలపు మహామేధావులలో ఇద్దరు వోల్టేర్, రూసో. శాస్త్రాలు, కళలు మనిషి నీతిని చెడగొట్టాయని రూసో 1750లో వ్రాశాడు. 1755లో అసమానతల పుట్టుక గురించి మరొక పుస్తకం వ్రాస్తే, వోల్టేర్ దానికి వెటకారంగా ఉత్తరం వ్రాశాడు. అదే ఏడాది నవంబరు 1న లిస్బను నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. దేవుడు దయామయుడైతే ఈ ఘోరమేమిటని వోల్టేర్ ఒక కావ్యం వ్రాశాడు. రూసో దేవుని పక్షాన జవాబు వ్రాశాడు. అంతవరకు అది వాదమే. చదివినవారికి లాభమే.

తరువాత అది మనుషుల మీదికి మళ్ళింది. 1764లో రూసో ఒక పుస్తకం వ్రాస్తూ, క్రైస్తవ మతాన్ని విమర్శిస్తూ పేరు లేకుండా వెలువడిన ఒక రచన వోల్టేర్‌దేనని బయటపెట్టాడు. అది నిజమే. కానీ ఆ రోజుల్లో అటువంటి రచన తనదని తేలితే మనిషికి ప్రమాదం. వోల్టేర్ మండిపడ్డాడు. ఆ డిసెంబరులోనే జెనీవాలో పేరు లేని ఒక చిన్న కరపత్రం వెలువడింది. పిల్లలను ఎలా పెంచాలో 1762లో 'ఎమిలి' అనే పుస్తకంలో లోకానికి బోధించిన రూసో, తన సొంత బిడ్డలను అనాథాశ్రమం గుమ్మంలో వదిలేశాడని అందులో ఉంది. ఇది కూడా చాలావరకు నిజమే. రూసో తన ఐదుగురు బిడ్డలను పారిస్ అనాథాశ్రమానికి ఇచ్చివేశాడు. అయితే ఆ నిజానికి తోడుగా అతని జబ్బుల గురించి, ఇంటి సంగతుల గురించి అబద్ధాలు కూడా కలిపారు. ఇటువంటి రాజద్రోహికి మరణశిక్షే తగినదన్న సూచనతో ఆ కరపత్రం ముగిసింది. దానిని వ్రాసినవాడు వోల్టేరే.

ఆ తరువాత జరిగింది మరీ విచారకరం. ఆ కరపత్రం జెనీవాకు చెందిన వెర్న్ అనే పాస్టరు వ్రాశాడని రూసో గట్టిగా నమ్మాడు. వెర్న్ ఎంత మొత్తుకున్నా వినలేదు. వోల్టేర్ నోరు విప్పలేదు. చూడండి, పేరు పెట్టని ఒక్క ఉన్నమాట ఎందరిని కాల్చిందో! రూసోకు లోకమంతా తన మీద కుట్ర పన్నుతున్నదన్న అనుమానం ముదిరింది. 1766లో తనను ఆదుకుని ఇంగ్లండుకు తీసుకువెళ్ళిన తత్వవేత్త హ్యూమ్‌ను కూడా అతడు శత్రువుగా చూశాడు. ఆ తగవును అచ్చువేయవద్దని హ్యూమ్‌కు స్నేహితుడు ఆడమ్ స్మిత్ సలహా ఇచ్చాడు. హ్యూమ్ చివరకు ఉత్తరాలతో సహా అచ్చు వేయించాడు. వోల్టేర్, రూసో ఇద్దరూ 1778లో ఐదు వారాల తేడాతో మరణించారు. ఈనాడు పారిస్‌లోని పాంథియోన్‌లో వారి సమాధులు ఎదురెదురుగా ఉన్నాయి. బ్రతికి ఉండగా ఎన్నడూ అలా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోలేదు.

ఇక్కడ మీలో కొందరు నన్ను నిలదీయవచ్చు. "ఫాదర్, పిల్లల పెంపకం గురించి ఉపదేశించేవాడు సొంత బిడ్డలను వదిలేస్తే, ఆ సంగతి లోకానికి తెలియవద్దా? చెప్పేదొకటి చేసేదొకటి అయినవారిని ఎవరూ అడగకూడదా?" ఇది న్యాయమైన ప్రశ్న. తప్పించుకుని వెళ్ళకూడదు.

శ్రీసభ ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ రెండు పాపాలను వేరు చేసి చూపుతుంది. లేని తప్పును అంటగట్టడం ఒకటి, అది అపనింద. ఉన్న తప్పునే, తగిన కారణం లేకుండా, తెలియనివారికి చెప్పడం రెండవది. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథంలో కూడా ఈ భేదం కనిపిస్తుంది. 'తగిన కారణం' అన్నదే ఇక్కడ అసలు సంగతి. లంచం తిన్న అధికారి గురించి చెబితే పేదవాని భూమి దక్కుతుంది. పిల్లలను హింసించేవాని గురించి చెబితే పిల్లలు బ్రతుకుతారు. అక్కడ మౌనమే పాపం. వోల్టేర్ కరపత్రం వలన రూసో బిడ్డలలో ఒక్కరైనా తల్లి ఒడికి తిరిగి వచ్చారా? లేదు. వారి కోసం అది వ్రాయబడలేదు. వారి కన్నీరు ఒక శత్రువును కొట్టడానికి కర్ర అయింది, అంతే. నిజంగా ఆ బిడ్డల బాధే అయితే, వోల్టేర్ తన పేరు పెట్టి, అబద్ధం కలపకుండా, ముందు ఆ మనిషినే అడిగి ఉండేవాడు. సోదరుడు తప్పు చేస్తే మొదట ఒంటరిగా అతనితోనే మాట్లాడమని మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన క్రమం కూడా అదే.

ఇంకొక సంగతి. రూసో చెడ్డ తండ్రి అయినంత మాత్రాన, పిల్లల గురించి అతడు వ్రాసినది తప్పు అయిపోదు. తప్పు అయితే, ఎక్కడ తప్పో ఆ పుస్తకంలోనే చూపాలి. జవాబు దొరకనప్పుడే మనం మనిషి గుట్టు కోసం వెతుకుతాం. ఆ వాదపోటీలో నేను చేసింది అదే.

ఇది దేవుని నమ్మనివారి రోగమని మనం గర్వపడడానికి వీలు లేదు. బైబిలును లతీను భాషలోకి తెచ్చిన పునీత జెరోము, ఆయన చిన్ననాటి స్నేహితుడు రుఫీను, ఓరిజెను రచనల విషయమై పుస్తకాలలో ఒకరినొకరు తూలనాడుకున్నారు. అంత గాఢ స్నేహం ఇలా ముగిసిందే అని పునీత అగస్టీను దుఃఖపడుతూ జెరోముకు ఉత్తరం వ్రాశారు. రుఫీను మరణించిన తరువాత కూడా జెరోము కలం శాంతించలేదు. పునీతులకు కూడా నాలుక చివరి శత్రువే.

మరి గట్టిగా వాదించి కూడా మనిషి గుట్టు జోలికి పోకుండా ఉండగలమా? ఉండగలం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారిని చూడండి. ఎదుటి పక్షంలో జయంతి రామయ్య పంతులు గారు, 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఉన్నారు. గిడుగు వారి మాట మెత్తనిది కాదు. పండితుల భాషను 'భేషజం' అని పుస్తకం పేరులోనే వెక్కిరించారు. అయితే ఆయన పండితులు అచ్చువేసిన పుస్తకాలనే ముందు పెట్టి, మీరు చెప్పే వ్యాకరణాన్ని మీరే పాటించలేకపోతున్నారని ఉదాహరణలతో చూపారు. అందరి కళ్ళ ముందున్న సాక్ష్యం అది. జయంతి వారు శాసనాలలోని పద్యాలను ప్రకటించారు. గిడుగు వారు ముఖలింగం శాసనాలను చదివారు. ఇద్దరి వాదమూ తెలుగు భాషను మరింత లోతుగా తవ్వించింది. 1919 ఫిబ్రవరిలో రాజమండ్రిలో వ్యవహారిక భాషా సమాజం ఏర్పడినప్పుడు, దానికి అధ్యక్షులుగా ఉన్నది ఎవరో తెలుసా? వృద్ధుడైన వీరేశలింగం గారు! జీవితమంతా గ్రాంథికంలో వ్రాసిన మనిషి, మరణానికి మూడు నెలల ముందు తన అభిప్రాయం మార్చుకుని అందరి ఎదుట నిలబడ్డారు. రుజువు చూపితే మనిషి మారగలడు. గుట్టు రట్టు చేస్తే మనిషి మారడు, తలుపు వేసుకుంటాడు.

మన తెలంగాణలోనే ఇంకొక ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు వ్రాశారు. అవమానకరమైన మాటే. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆ పండితుని గుణగణాలు ఎంచలేదు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను అచ్చు వేశారు. మన హనుమకొండలో 1904లోనే వెలసిన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం ముందు నుండి వెళ్ళినప్పుడల్లా ఆ సంచికే నాకు గుర్తుకు వస్తుంది. నిందకు అంతకంటే మంచి జవాబు ఉంటుందా?

పాఠకులారా, చివరగా ఒక్క మాట. అబద్ధం చెప్పినవాడు పశ్చాత్తాపపడితే, "నేను చెప్పింది అబద్ధం" అని నలుగురిలో ఒప్పుకుని ఎదుటివాని పేరు నిలబెట్టగలడు. ఉన్నమాట అన్నవాడు ఏమని వెనక్కి తీసుకుంటాడు? అది నిజం కదా! అందుకే గుట్టు బయటపెట్టిన పాపానికి పరిహారం చేయడం అపనింద కంటే కష్టం. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వవచ్చు. దొంగిలించిన గౌరవాన్ని ఏ సంచిలో వేసి ఇస్తాం?

కొన్ని ఏళ్ళ తరువాత నేను నా సహవిద్యార్థిని వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ అడిగాను. అతను టీ తెప్పించాడు, ఆప్యాయంగా మాట్లాడాడు. బయలుదేరుతుంటే, "నువ్వు అబద్ధం చెప్పలేదులే" అన్నాడు. అది క్షమించి అన్న మాటో, ఇంకా మానని గాయమో నాకు ఈనాటికీ తెలియదు. ఆ రోజు తరువాత అతను ఎవరితోనూ తన అన్న సంగతి చెప్పుకోలేదని మాత్రం తెలిసింది.

ఈ రాత్రి భోజనాల దగ్గర ఎవరి గురించైనా ఒక ఉన్నమాట మీ నాలుక చివరికి వస్తే, ఒక్క క్షణం ఆగండి. ఇది విన్నందువల్ల ఎవరికి మేలు? ఈ మాట అతని ఎదుటే అనగలనా? ఈ రెండింటికీ జవాబు దొరికితే చెప్పండి. దొరకకపోతే అన్నం చల్లారకముందే తినండి. ఆ మాటను మాత్రం మింగేయండి. దానివల్ల ఎవరికీ అజీర్తి చేయదు.