అతిథి దాత అయినప్పుడు: స్వల్పకాల మిషన్ యాత్రలపై ఒక నైతిక విచారణ

విషయ ప్రవేశం

ఉత్తర అమెరికాలోని అనేక ప్రొటెస్టెంటు సంఘాలలో వేసవి సెలవులకు ఒక స్థిరమైన కార్యక్రమం ఉంది. సంఘంలోని యువతీయువకులు పదిహేను ఇరవై మంది, ఇద్దరు ముగ్గురు పెద్దల వెంట, వారం పది రోజుల కోసం మరొక దేశంలోని పల్లెకు వెళతారు. కార్లు కడిగి, విందులు ఏర్పాటు చేసి, బంధుమిత్రులకు ఉత్తరాలు రాసి ప్రయాణపు ఖర్చులు కూడబెడతారు. అక్కడ ఇల్లు కడతారు, బడి గోడలకు రంగులు వేస్తారు, పిల్లలకు బైబిలు కథలు చెబుతారు, పాటలు నేర్పుతారు. తిరిగి వచ్చాక ఆదివారపు ఆరాధనలో తమ అనుభవాన్ని సాక్ష్యంగా వినిపిస్తారు. దీనిని స్వల్పకాల మిషన్ అని వ్యవహరిస్తున్నారు. 1960లో లారెన్ కన్నింగ్‌హామ్ స్థాపించిన ‘యూత్ విత్ ఎ మిషన్’ వంటి సంస్థలు ఈ పద్ధతికి ఊపునిచ్చాయి. అమెరికా సంఘాల నుంచి ఏటా సుమారు 16 లక్షల మంది ఇటువంటి విదేశీ యాత్రలలో పాల్గొంటున్నారని ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో అంచనా వేశారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్ వంటి సమీప దేశాలు ఈ యాత్రలకు ముఖ్య గమ్యాలు.

వీటిని సమర్థించేవారు కట్టిన ఇళ్ళనూ మారిన మనసులనూ చూపుతారు. విమర్శించేవారు వ్యర్థమైన ధనాన్ని చూపుతారు. ఇరుపక్షాలూ ఫలితాలనే ప్రమాణంగా తీసుకుంటున్నాయి. ఈ వ్యాసం ఫలితాలకు ముందున్న ఒక ప్రశ్నను పరిశీలిస్తుంది. సాయం పొందేవారు వద్దని చెప్పగల స్థితిలో లేనప్పుడు, సదుద్దేశంతో చేసిన సాయం నైతికంగా ఎటువంటిది? పల్లెకు వచ్చిన యువకుడు నిజానికి అక్కడ అతిథి. కాని అతడు దాత స్థానంలో నిలబడుతున్నాడు. ఈ స్థానాల తారుమారులోనే సమస్య మూలం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదన.

ఖర్చు లెక్క, దాని పరిమితి

1998 అక్టోబరు చివర వచ్చిన మిచ్ తుఫాను హోండురాస్‌ను ఛిన్నాభిన్నం చేసింది. వేల మంది మరణించారు. లక్షల మంది నిరాశ్రయులయ్యారు. ఉత్తర అమెరికా సంఘాల నుంచి బృందాలు ఇళ్ళు కట్టడానికి తరలివెళ్ళాయి. హోండురాస్‌లో దీర్ఘకాలం నివసించిన సామాజిక శాస్త్రవేత్త కర్ట్ వెర్ బీక్ ఆ నిర్మాణ కార్యక్రమాన్ని అధ్యయనం చేసి 2006లో తన పరిశీలనలను ప్రకటించారు. అక్కడివారే కట్టిన ఇంటికి సుమారు 2,000 డాలర్లు ఖర్చయింది. విదేశీ బృందాలు కట్టిన ఇంటికి విమాన చార్జీలు, బస కలుపుకుంటే సుమారు 30,000 డాలర్లు అయింది. ఎవరు కట్టిన ఇంట్లో ఉన్నప్పటికీ ఆ కుటుంబాల జీవితంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. వెళ్ళివచ్చినవారు తమ జీవితం మారిందని చెప్పారు. కాని ఆ మార్పు వారి తర్వాతి విరాళాలలో అంతగా ప్రతిఫలించలేదు.

ఒక్క ఇంటి ఖర్చుతో పదిహేను ఇళ్ళు లేచేవన్నది కాదనలేని లెక్క. అయినా ఈ లెక్కతోనే తీర్పు చెప్పడం తొందరపాటు. ప్రయాణం లేకపోతే ఆ డబ్బు పోగయ్యేదే కాదని నిర్వాహకులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మనిషి స్వయంగా రావడానికి ఖర్చుతో కొలవలేని విలువ ఉంది. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వెళ్ళవలసినవాడు దారి ఖర్చులు లెక్కకట్టి ఆ సొమ్ము పంపి ఊరుకుంటే, అతడు పొదుపరి అని ఎవరూ మెచ్చుకోరు. పరామర్శకు వెళ్ళడమే అక్కడ కర్తవ్యం.

అయితే పరామర్శకు వచ్చినవాడికి ఆ ఇల్లు తెలుసు. ఆ ఇంటివారి మాట అతడికి అర్థమవుతుంది. రేపు తన ఇంట కష్టం వస్తే వారూ వస్తారు. ఈ మూడూ లేని రాకను పరామర్శతో పోల్చి సమర్థించలేము. కాబట్టి విచారించవలసింది వచ్చినవారికీ ఇంటివారికీ మధ్య ఏర్పడిన సంబంధాన్ని.

దాతకు ఉండవలసిన సంకోచం

భారతీయ సంప్రదాయం దానాన్ని దాత ఔదార్యంతో మాత్రమే నిర్వచించలేదు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి శిష్యుడికి చేసిన అనుశాసనంలో శ్రద్ధతో ఇమ్మని చెప్పి, సిగ్గుతో ఇమ్మనీ, భయంతో ఇమ్మనీ, సంవిత్తుతో ఇమ్మనీ చెప్పింది. ఇచ్చేవాడికి సిగ్గు, భయం ఎందుకు? తన దగ్గర ఉండి ఎదుటివాడి దగ్గర లేకపోవడం తన గొప్పతనం కాదన్న ఎరుక ఆ సిగ్గుకు కారణమని చెప్పుకోవచ్చు. ఇవ్వడంలో ఎదుటివాడిని నొప్పిస్తానేమో అన్న జాగ్రత్తను భయంగా తీసుకోవచ్చు. ఇక సంవిత్తు అన్న మాటకు శంకరుల భాష్యం మైత్రి మొదలైన వాటిని అర్థంగా చెప్పింది. అంటే మైత్రి ఉన్నచోటే దానం సక్రమం. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు తన ఇంటికి వచ్చినవారికి అన్నం పెడుతూ, వడ్డనలోని కొరతలను తానే ఏకరువు పెట్టి మన్నించమనడం ఈ సంకోచానికి మన సాహిత్యంలోని చక్కని ఉదాహరణ. పెట్టేవాడే అక్కడ అర్థిలా మాట్లాడతాడు.

పాశ్చాత్య నీతిశాస్త్రంలోనూ ఈ ఎరుక కనిపిస్తుంది. ఇమ్మాన్యుయెల్ కాంట్ 1797లో ప్రకటించిన నీతి మీమాంసలో ఉపకారాన్ని కర్తవ్యంగా అంగీకరిస్తూనే, ఉపకారి ఎదుటివాడిని కించపరచకుండా జాగ్రత్తపడాలని, స్వీకరించడం ద్వారా ఎదుటివాడే తనను గౌరవించాడన్నట్లు ప్రవర్తించాలని సూచించాడు. మార్సెల్ మోస్ 1925 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో మరో కోణం చూపాడు. కానుక తిరుగు కానుకను కోరుతుంది. తిరిగి ఇచ్చే దారి మూసుకుపోయినప్పుడు అందుకున్నవాడు తక్కువవాడుగా మిగిలిపోతాడు. పది రోజుల యాత్రలో తిరిగి ఇచ్చే దారి దాదాపు ఉండదు. పల్లెవారు చేతిపనుల వస్తువులో భోజనమో ఇచ్చినా అవి కృతజ్ఞతా చిహ్నాలుగానే లెక్కకు వస్తాయి. వారి చేతి నుంచి అతిథికి అవసరమైనదేదీ అందదు. బృందం తన మంచినీళ్ళను, మందులను, కొన్నిసార్లు ఆహారాన్ని కూడా వెంట తెచ్చుకుంటుంది.

మారుమాట

ఈ యాత్రలపై వచ్చిన విమర్శలలో అత్యంత కటువైనది బహుశా 1968 ఏప్రిల్‌లో ఇవాన్ ఇల్లిచ్ చేసిన ప్రసంగం. ఇల్లిచ్ స్వయంగా కేథలిక్కు గురువు. మెక్సికోలోని క్వెర్నవాకాలో మిషనరీలకు స్పానిష్ నేర్పే కేంద్రాన్ని నడిపినవాడు. ఆ ప్రసంగాన్ని మెక్సికో పల్లెలలో వేసవి సేవకు సిద్ధమవుతున్న ఉత్తర అమెరికా విద్యార్థుల ముందే చేశాడు. వారి సదుద్దేశాన్ని అతడు శంకించలేదు. ఆ ఉద్దేశం ఇక్కడ అప్రస్తుతమన్నాడు. చూడడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దన్నాడు. పేదల మధ్య పనిచేయాలన్న కోరిక అంత బలంగా ఉంటే, మిమ్మల్ని పొమ్మని మీ ముఖం మీదే చెప్పగల పేదల మధ్య, మీ దేశంలోనే చేయండని సూచించాడు. భాష రానివాడికి తాను చేస్తున్నదేమిటో, దానిని గురించి ఎదుటివారు ఏమనుకుంటున్నారో తెలియదన్నది అతని ప్రధాన వాదం.

భాషాధ్యయనమే వృత్తిగా ఉన్నవారికి ఈ వాదం లోతు వేరుగా చెప్పనక్కరలేదు. దుబాసి వాక్యార్థాన్ని అందించగలడు. మాటలోని తటపటాయింపును, మర్యాద కోసం మింగిన అభ్యంతరాన్ని అందించడం అతడికీ కష్టం. ఎదుటివారు ‘సరే’ అన్నప్పుడు అది సమ్మతో, సంకోచమో, విసుగో తెలుసుకునే శక్తి ఆ భాషలో కొంతకాలం బతికితేగాని రాదు. మారుమాట వినగలగడమే నైతిక సంబంధానికి ఆధారం. అందువల్ల భాష నేర్చుకోవడం సేవకు సాధనం మాత్రమే కాదు, సేవకు అర్హత కూడా.

స్థానిక సంఘమే ఆహ్వానించిందన్న సమాధానం తరచుగా వినిపిస్తుంది. ఆహ్వానం ముఖ్యమే. అయితే ఆహ్వానించిన సంఘం ఏడాది పొడుగునా ఆ విదేశీ సంఘపు విరాళాలపై ఆధారపడి ఉంటే, ‘ఈ ఏడు రాకండి’ అనడం దానికి సాధ్యమా? కాదనలేనివాడి ఔనుకు ఎంత బరువు ఇవ్వాలన్నది ఇక్కడి చిక్కు. తెలుగునాట ఈ చిక్కును గుర్తించిన మిషనరీ ఒకరున్నారు.

ఒంగోలు, దోర్నకల్ అనుభవాలు

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1865లో నెల్లూరు చేరి, మరుసటి ఏడు ఒంగోలులో స్థిరపడ్డాడు. తెలుగు నేర్చుకుని ఆ ప్రాంతంలో దశాబ్దాల పాటు పనిచేశాడు. 1876–78 నాటి మహాక్షామంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలాది మందికి కూలి కల్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కోరి వచ్చినవారికి ఏడాదికి పైగా బాప్తిస్మం ఇవ్వలేదు. క్షామ సహాయం ముగిశాకనే మళ్ళీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

క్షామానికీ మతాంతరీకరణకూ గల సంబంధం చరిత్రకారుల మధ్య వివాదాంశమే. సహాయం ఆగినా దాని పట్ల కృతజ్ఞత ఆగిపోదు కదా అన్న ప్రశ్న న్యాయమైనది. ఈ వ్యాసానికి కావలసింది ఆ నిర్ణయంలోని నైతిక సూక్ష్మం మాత్రమే. ఆకలితో ఉన్నవాడి ఔను స్వతంత్రమైన ఔను కాదని క్లౌ గ్రహించి, తన లక్ష్యానికి అనుకూలంగా కనిపించిన సమయంలోనే వేచి ఉన్నాడు. ఇంకొక విషయం. ఆ ఉద్యమాన్ని ఊరూరా నడిపింది ప్రధానంగా యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు. అప్పటికే యోగమార్గంలో ఆధ్యాత్మిక సాధన చేసినవాడు పేరయ్య. పల్లె అక్కడ చేయి చాచిన పాత్రగా మిగలలేదు, ఉద్యమానికి కర్త అయింది.

దోర్నకల్ అనుభవం మరొక పాఠం. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన వి.ఎస్. అజరయ్య 1909లో దోర్నకల్ ప్రాంతానికి మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. ఆయన 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో చేసిన ప్రసంగం పాశ్చాత్య ప్రతినిధులను ఇబ్బంది పెట్టింది. మిషనరీల త్యాగాలను ఆయన తక్కువ చేయలేదు. వాటితోపాటు స్నేహితులు కావాలని అడిగాడు. శంకరులు సంవిత్తు అన్న మాటలో చూసిన మైత్రినే, పూర్తిగా వేరైన సందర్భంలో, స్వీకర్తల పక్షాన అజరయ్య కోరాడని చెప్పవచ్చు.

సంచి లేని ప్రయాణం

యువజన యాత్రలను సమర్థించేవారి బలమైన వాదం ఒకటి మిగిలి ఉంది. యాత్రవల్ల యువకుడి దృష్టి విశాలమవుతుంది, పేదరికాన్ని కళ్ళారా చూస్తాడు, జీవితం మార్చుకుంటాడు. నేర్చుకోవడం మంచిదే. అయితే నేర్చుకోవడానికి వెళ్ళినవాడు శిష్యుడు, నేర్పినవారు గురువులు. అటువంటప్పుడు దక్షిణ చెల్లించవలసింది వచ్చినవాడు. తన విద్యాభ్యాసానికి మరొకరి లేమిని పాఠ్యపుస్తకం చేసుకుని, దానికి సేవ అని పేరు పెట్టడం సత్యదోషం. ఆ పేరును సరిచేస్తే యాత్ర స్వభావమే మారుతుంది.

ఇంకొక అభ్యంతరం ఆపత్సమయాలకు సంబంధించినది. నీళ్ళలో మునిగిపోతున్నవాడిని లాగడానికి భాష రానవసరం లేదు. శస్త్రచికిత్స చేయగల వైద్యుడు పది రోజులే వచ్చినా ప్రాణాలు నిలబడవచ్చు. ఇది అంగీకరించవలసిందే. ఆపద్ధర్మం వేరు, నిత్యధర్మం వేరు. అయితే ఊళ్ళో పని లేని తాపీమేస్త్రీ చూస్తూ ఉండగా, తాపీ పట్టడం రాని పదిహేడేళ్ళ యువకుడు గోడ కట్టడం ఆపద్ధర్మం కిందికి రాదు.

క్రైస్తవ గ్రంథంలోనే ఈ తారుమారును సరిదిద్దే ఆధారం ఉండడం గమనార్హం. లూకా సువార్త పదవ అధ్యాయంలో యేసు శిష్యులను ఇద్దరిద్దరుగా గ్రామాలకు పంపుతూ డబ్బు సంచి గాని, జాలె గాని, చెప్పులు గాని తీసుకుపోవద్దంటాడు. ఇల్లిల్లూ తిరగక ఒకే ఇంట ఉండి, పెట్టినది తినమంటాడు. చేర్చుకోని ఊరిని విడిచి వెళ్ళమంటాడు. అంటే పంపబడినవారు పల్లె దయమీద ఆధారపడవలసినవారు. రోగులను స్వస్థపరచే పని వారికి ఉన్నా, వారి అన్నం, నీడ ఇంటివారి చేతిలోనే ఉన్నాయి. చేర్చుకోవడమో మానడమో నిర్ణయించేది ఆ ఊరే. ఈనాటి యాత్రలు ఈ క్రమాన్ని తలకిందులు చేశాయి. సంచి బరువెక్కింది, కాదనే హక్కు ఊరి చేతిలోంచి జారిపోయింది.

ముగింపు

ఈ యాత్రలు మానాలా, కొనసాగాలా అన్నది ఆయా సంఘాలు తేల్చుకోవలసిన విషయం. కొనసాగించదలచినవారు తమను తాము అడగదగిన ప్రశ్నలు మూడు ఈ చర్చ నుంచి తేలుతున్నాయి. మేము రాకపోయినా మా విరాళం ఆగదని ఆ ఊరికి ముందే తెలుసా? అక్కడ మాకు లేనిదీ, వారి దగ్గర మాత్రమే ఉన్నదీ ఏదైనా మేము స్వీకరిస్తున్నామా? తిరిగి వెళ్ళాక మా సంఘం వినే సాక్ష్యంలో ఆ ఊరివారి మాట, అది మాకు రుచించకపోయినా, చోటు చేసుకుంటుందా?

మొదటి ప్రశ్న వారి సమ్మతికి స్వేచ్ఛనిస్తుంది. రెండవది తిరిగి ఇచ్చే దారిని తెరుస్తుంది. మూడవది మారుమాటను వినిపిస్తుంది. ఈ మూడూ ఉన్నచోట వచ్చినవాడు మళ్ళీ అతిథి అవుతాడు, ఇంటివారు ఇంటివారుగా నిలుస్తారు. ఇవి లేనిచోట కట్టిన గోడ ఎంత నిటారుగా ఉన్నా, దానిని కట్టడంలో ఆ ఇంటివారి మాటకు చోటు లేదన్న లోపం మిగిలే ఉంటుంది.