దిద్దుబాటు

ఇద్దరం ఆడవాళ్లం, ఒక అద్దె గది, రెండు కంప్యూటర్లు. ఇదే మా సంస్థ. విదేశీ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలకి ఇంగ్లీషు నివేదికలు దిద్దిపెడతాం. మంచి పనికి సాయపడుతున్నామన్న తృప్తి ఉండేది.

ఈమధ్య ఒక నివేదికతో పాటు పొదుపు సంఘం సభ్యురాలి మాటలు తెలుగులోనే వచ్చాయి. “అప్పు నా పేరు మీద తెచ్చిన. పైసలు ఆయన తీసుకున్నడు. కిస్తీలు నేను కడుతున్న.” నివేదికలో అది ‘రుణ సదుపాయం పొందిన కుటుంబం సక్రమంగా వాయిదాలు చెల్లిస్తోంది’ అయింది. ఆ వాక్యం నేను రాయలేదు. నున్నగా చెక్కింది మాత్రం నేనే.

అందులో అబద్ధం లేదు, అదే చిక్కు. ‘నేను’నీ ‘ఆయన’నీ కలిపేసి ‘కుటుంబం’ చేశాం. ఇద్దరి మధ్య జరిగినదంతా ఆ ఒక్క మాట కింద పడి కనపడకుండా పోయింది.

“నిధులు ఆగితే నష్టపోయేది ఆమే కదా” అంటుంది నా భాగస్వామి. కాదనలేను.

కానీ 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ గుర్తొస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీలు అందులో గర్వంతో పాటు పార్టీ మీద తమ నిష్ఠూరాన్నీ చెప్పుకున్నారు. అలా చెప్తే ఉద్యమానికి చెడ్డపేరని ఆ మాటల్ని ఎవరూ నున్నగా చెయ్యలేదు. (ఎవరి నిధుల కోసమూ వేసిన పుస్తకం కాదది, నిజమే.) డాక్టరేటు కోసం ఇలాంటివే చదివినదాన్ని, జీతం పనిలో ఎలా మర్చిపోయాను?

ఆమె మూడు వాక్యాల్నీ విడివిడిగా అనువదించి పంపాను. ‘నిడివి ఎక్కువైంది, కుదించండి’ అని జవాబొచ్చింది. నేను కుదించలేదు. బిల్లు డబ్బులూ ఇంకా రాలేదు.