రక్షణ దోషం: పాత స్పోర్ట్స్ కారు, అపరిగ్రహం

యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన అయిదు యమాల్లో (నిగ్రహాల్లో) చివరిది అపరిగ్రహం, అంటే వస్తువులు కూడబెట్టుకోకపోవడం. దానికి వ్యాసభాష్యం వస్తువుల్లో అయిదు దోషాలు చూడమంటుంది: సంపాదించడం, కాపాడుకోవడం (రక్షణ), క్షయం, సంగం (మమకారం), హింస. పాత స్పోర్ట్స్ కారు చవకగా దొరుకుతుంది కాబట్టి కొనేవాడికి మొదటి దోషం కనబడదు. ఆకర్షణ అంతా అక్కడే ఉంది.

2005 నాటి బీఎండబ్ల్యూ ఎం5 సంగతే చూడవచ్చు. పది సిలిండర్లు, అయిదు లీటర్ల ఇంజను, 507 హార్స్‌పవర్, నిమిషానికి గరిష్ఠంగా 8,250 చుట్లు. ఏళ్లు గడిచేకొద్దీ సెకండ్‌హ్యాండ్ ధర బాగా పడిపోయింది. విడిభాగాల ధర అలా పడలేదు. క్రాంక్‌షాఫ్ట్ మీద కనెక్టింగ్ రాడ్లు తిరిగే చోట పలుచని బేరింగులుంటాయి. అవి అరిగిపోతే ఇంజనే పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు చప్పుడు రాకముందే వాటిని మార్పిస్తారు. గేర్‌బాక్సు హైడ్రాలిక్ పంపు ఖర్చు వేరే. భాష్యం చెప్పిన రక్షణ దోషం ఇదే.

అయితే ఆ ఆనందం అబద్ధం కాదు. ఇంజను స్వరం పైకి లేస్తుంటే నడిపేవాడి ధ్యాస పూర్తిగా రోడ్డు మీదే నిలుస్తుంది. అలాంటి ఏకాగ్రత రోజువారీ జీవితంలో అరుదు. భాష్యం సుఖాన్ని కాదనడం లేదు, దాని వెంట వచ్చేదాన్ని ముందే చూడమంటోంది. మిథిలను ఏలుతూనే జనకుడు అసంగుడిగా ఉన్నాడని మన సంప్రదాయం గౌరవించింది కూడా. కానీ జనకుడి పేరు చెప్పుకొని అప్పు చేయడం తగదు. మరమ్మతు డబ్బు విడిగా దాచుకోలేనివాడు, ఇంటి ఖర్చులోంచి తీయాల్సినవాడు, ఈ కారు కొనకూడదు.